నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్ష్యం

1980 డిసెంబర్ 1 రాత్రి దిల్లీలో ఒక ఇంట్లోంచి ఆడమనిషి కేకలు వినిపించాయి. ఇరుగుపొరుగు పరుగెత్తుకెళ్లి చూస్తే ఆ ఇంటి కోడలు సుధా గోయల్ మంటల్లో ఉంది. ఆమె నెలలు నిండిన గర్భిణి. అత్తే కిరోసిన్ పోసి అంటించిందని, మంటలు ఆర్పినవాళ్లతో ఆమె చెప్పింది. ఆస్పత్రిలో పోలీసు అధికారి రాసుకున్న కాగితంలో మాత్రం స్టవ్ వల్ల జరిగిన ప్రమాదమని ఉంది. ఆమె బతకలేదు.

1983 మేలో సెషన్స్ జడ్జి ఎస్.ఎం. అగర్వాల్ ఇరుగుపొరుగు మాటే నమ్మి భర్తకు, అత్తకు, బావకు ఉరిశిక్ష వేశారు. అదే ఏడాది నవంబర్‌లో దిల్లీ హైకోర్టు స్టవ్ కథను కొట్టిపారేయలేమంటూ ముగ్గురినీ విడుదల చేసింది. మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. 1985లో సుప్రీంకోర్టు మళ్లీ ఇరుగుపొరుగు వైపే మొగ్గింది. ఆస్పత్రి కాగితం నమ్మదగ్గది కాదని పక్కనపెట్టి, భర్తకూ అత్తకూ యావజ్జీవం వేసింది. మూడో ముద్దాయి విడుదలను అలాగే ఉంచింది.

సాక్షులు వాళ్లే, కాగితాలు అవే. మూడు కోర్టులు మూడు రకాలుగా చదివాయి. మన దేశంలో గృహహింస కేసుల చరిత్ర చాలావరకు ఈ చదవడంలోనే ఉంది. నాలుగు గోడల మధ్య జరిగినదాని గురించి ఎవరు చెబితే కోర్టు నమ్ముతుంది? ఆ చరిత్రను వరసగా చూస్తే మనసు కష్టపెట్టే సంగతి ఒకటి బయటపడుతుంది. చనిపోయిన భార్య మాట వినడానికి చట్టం ఎప్పుడో దారి వేసుకుంది. బతికున్న భార్య మాట దగ్గరే పదేపదే తడబడింది. ఈ రెండు దారుల్లోనూ తెలుగు నేల మీంచి వెళ్లిన కేసులు మైలురాళ్లుగా నిలిచాయి.

పాతకాలంలో భర్త పెట్టిన బాధలు కోర్టు రికార్డుకెక్కడానికి ముఖ్యమైన దారి మనోవర్తి కేసు. 1882 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 488వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ నెలకు 50 రూపాయలకు మించకుండా మనోవర్తి ఇప్పించవచ్చు. అయితే భర్త బోనెక్కి "నా దగ్గరకొస్తే పోషిస్తాను" అన్నాడంటే భార్య చిక్కులో పడేది. ఆ మాట చెప్పాక కూడా ఆమెకు డబ్బు ఇప్పించాలంటే, అతడు వేరే స్త్రీతో ఉంటున్నాడనో, భార్యను "అలవాటుగా" క్రూరంగా చూస్తున్నాడనో మేజిస్ట్రేట్‌కు నమ్మకం కలగాలి. ఒకసారి చెయ్యి విరగ్గొట్టడం సరిపోదు. అది అలవాటని తేలాలి. ఆ అలవాటును చూసినవాళ్లెవరు? అత్తమామలు, మరుదులు, ఆడపడుచులు. వాళ్లు కోడలి తరఫున బోనెక్కుతారా?

మనోవర్తి పరిమితి 1923లో 100కు, 1955లో 500కు పెరిగింది. చాలా రాష్ట్రాల్లో ఆ 500 దగ్గరే 2001 దాకా ఆగిపోయింది. బియ్యం ధర, ఇంటి అద్దె ఎంత పెరిగినా పుట్టింటికి చేరిన భార్యకు మేజిస్ట్రేట్ ఇప్పించగల పై మొత్తం మాత్రం నలభై ఆరేళ్లు కదలలేదు.

ఇంకోవైపు భర్తకు కోర్టులో మంచి ఆయుధమే ఉండేది. భార్యను కాపురానికి పంపమని దావా వేయవచ్చు. బొంబాయిలో చిన్ననాడే పెళ్లయిన రఖ్మాబాయి మీద 1884లో భర్త వేసిన దావా దేశమంతా మారుమోగింది. జస్టిస్ పిన్హే ఆమె పక్షాన తీర్పిచ్చారు. అప్పీలు తర్వాత కేసు తిరిగొచ్చినప్పుడు, 1887లో జస్టిస్ ఫారన్ కాపురానికి వెళ్లాలని, లేదంటే ఆరు నెలలు జైలని ఆదేశించారు. ఆమె జైలుకే సిద్ధపడింది. 1888లో డబ్బు చెల్లించి రాజీ చేసుకున్నారు. తర్వాత ఆమె ఇంగ్లండ్ వెళ్లి డాక్టరై తిరిగొచ్చింది.

అదే ఆయుధం హిందూ వివాహ చట్టంలో 9వ సెక్షన్‌గా బతికింది. దాని మీద దేశంలోనే మొదటి గట్టి దెబ్బ కొట్టింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. మైనరుగా ఉన్నప్పుడే తిరుపతిలో పెళ్లయి, తర్వాత వేరుగా ఉంటున్న యువతిని కాపురానికి పంపమంటూ భర్త కడప సబ్ కోర్టులో పిటిషన్ వేశాడు. అది సరిత కేసుగా హైకోర్టుకొచ్చింది. 1983 జులైలో జస్టిస్ పి.ఎ. చౌదరి 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఇష్టంలేని ఆడమనిషిని కాపురానికి పొమ్మనడమంటే ఆమె శరీరం మీద, బిడ్డను కనాలా వద్దా అనే నిర్ణయం మీద పెత్తనాన్ని ఆమె చేతుల్లోంచి లాగేసుకోవడమేనని ఆ తీర్పు సారం. కొద్ది నెలలకే దిల్లీ హైకోర్టు దాన్ని వ్యతిరేకించింది. 1984లో సరోజ్‌రాణి కేసులో సుప్రీంకోర్టు కూడా 9వ సెక్షన్‌ను నిలబెట్టింది. జస్టిస్ చౌదరి తీర్పు అమల్లో ఉన్నది ఏడాదికి కాస్త పైన. అయినా ఇంటి గుమ్మం దగ్గర రాజ్యాంగం ఆగిపోకూడదని అంత తేటగా చెప్పిన తీర్పు అంతకుముందు లేదు. లా కాలేజీల్లో దాన్ని ఇప్పటికీ చదువుతున్నారంటే కారణం అదే.

చనిపోయినవారి మాటకు వేసిన దారి కథ ఇంకా చిత్రమైనది. దానికి భార్యాభర్తల గొడవతో మొదట్లో ఏ సంబంధమూ లేదు.

1937 మార్చిలో పిఠాపురానికి చెందిన ఒక మనిషి ఇంట్లో భార్యతో, బరంపురం వెళ్తున్నానని, రావాల్సిన బాకీ తీరుస్తామని అక్కడి నుంచి కబురొచ్చిందని చెప్పి రైలెక్కాడు. అతడు పిఠాపురం దివాను దగ్గర ప్యూనుగా పనిచేసేవాడు. దివాను కూతురికి 3,000 రూపాయలు 18 శాతం వడ్డీకి అప్పిచ్చాడు. ఆమె భర్త పాకల నారాయణస్వామి బరంపురంలో ఉండేవాడు. రెండు రోజుల తర్వాత పూరీ స్టేషన్లో, మూడో తరగతి పెట్టెలో ఎవరిదో తెలియని ఇనప ట్రంకు దొరికింది. తెరిచి చూస్తే ముక్కలు చేసిన శవం. అది అతడిదే.

విచారణలో చనిపోయినవాడి భార్య, ఆయన వెళ్తూ తనతో అన్న మాట చెప్పింది. డిఫెన్సు వకీళ్లు అభ్యంతరం పెట్టారు. ఆ మాట అనేటప్పటికి అతడు నిక్షేపంగా ఉన్నాడు, చావు భయం లేదు, మరి అది మరణ వాంగ్మూలం ఎలా అవుతుందని వాదించారు. కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1939 జనవరిలో లార్డ్ అట్కిన్ ఆ వాదన తోసిపుచ్చారు. ఇంగ్లిష్ చట్టం సంగతి వేరు. భారత సాక్ష్య చట్టం 32వ సెక్షన్ ప్రకారం, చావుకు దారితీసిన పరిస్థితుల గురించి మనిషి అంతకుముందు చెప్పిన మాట కూడా సాక్ష్యమేనన్నారు.

బాకీ గొడవలో పుట్టిన ఆ సూత్రం నలభై అయిదేళ్లకు కోడళ్ల కేసుల్లోకి వచ్చింది. 1982లో పుణెలో పెళ్లయిన కొద్ది నెలలకే ఒక యువతి విషంతో చనిపోయింది. అంతకుముందు అక్కకు, స్నేహితురాలికి ఉత్తరాలు రాసింది. ఇది శరద్ సర్దా కేసు. 1984లో సుప్రీంకోర్టులో జస్టిస్ ఫజల్ అలీ పాకల నారాయణస్వామి తీర్పును విస్తరంగా చర్చించి, అలాంటి ఉత్తరాలూ మాటలూ 32వ సెక్షన్ కిందికి వస్తాయన్నారు. అయినా హత్యేనని చెప్పే గొలుసులో లంకెలు తెగి ఉన్నాయని, ఆత్మహత్య అయ్యే వీలుందని భర్తను విడుదల చేశారు. కోర్టు ఉత్తరాన్ని చదవడానికి ఒప్పుకోవడం వేరు, ఆ ఉత్తరంతో శిక్ష వేయడం వేరు. అయినప్పటికీ పుట్టింటికి రాసిన కార్డు, అమ్మతో ఫోన్లో ఏడ్చిన మాట, పండక్కి వచ్చినప్పుడు చెల్లెలికి చెప్పుకున్న గోడు కోర్టుకెక్కే మార్గం ఆనాటితో స్థిరపడింది.

ఇక అసలు మరణ వాంగ్మూలం సంగతి. కాలిన గాయాల వార్డుకు మేజిస్ట్రేట్ వస్తాడు. ముందు డాక్టర్ని అడుగుతాడు, ఈమె చెప్పగల స్థితిలో ఉందా అని. పోలీసుల్ని, బంధువుల్ని బయటికి పంపుతాడు. నీ పేరేంటమ్మా, ఇప్పుడు ఎక్కడున్నావు, నేనెవర్నో తెలుసా అని అడిగి, జవాబులు పొందికగా ఉన్నాయనుకుంటే అప్పుడు అసలు ప్రశ్న వేస్తాడు. ఆమె మాటల్లోనే, ఆమె యాసలోనే రాయాలి. రాసింది చదివి వినిపించాలి. వేలిముద్ర వేయడానికి చేతివేళ్లు మిగలకపోతే కాలి బొటనవేలి ముద్ర తీసుకుంటారు. పక్కన డాక్టరు రెండు ముక్కలు రాసి సంతకం పెడతాడు.

ఆ రెండు ముక్కల మీదే ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసు తారుమారైంది. పాపరంబాక రోశమ్మ కేసులో కాలిన గాయాలతో ఉన్న వివాహిత వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటే నమోదు చేశాడు. డాక్టరు ఆమె స్పృహలో ఉందని రాశాడు. 1999లో సుప్రీంకోర్టు, స్పృహలో ఉండటం వేరు, మాట చెప్పగలిగేంత మనస్థిమితం ఉండటం వేరు, రెండోది డాక్టరు రాయలేదు గనక వాంగ్మూలాన్ని నమ్మలేమంటూ ముద్దాయిలను విడుదల చేసింది. ఆస్పత్రి రద్దీలో ఒక డాక్టరు వదిలేసిన ముక్కకు అంత బరువు! 2002లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం లక్ష్మణ్ కేసులో ఈ పద్ధతి సరికాదని చెప్పింది. డాక్టరు సర్టిఫికెట్ జాగ్రత్త కోసమే. వాంగ్మూలం రాసుకున్న మనిషికి ఆమె స్థితి మీద నమ్మకం కుదిరితే చాలంది. చట్టం దిద్దుకుంది. రోశమ్మ కేసు ముద్దాయిలు అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు.

సుధా గోయల్ లాంటి చావులు దిల్లీని, దేశాన్ని కుదిపేసిన ఫలితమే 498-ఎ సెక్షన్. 1983 డిసెంబర్ 25న అది శిక్షాస్మృతిలోకి వచ్చింది. అంతకుముందు వరకట్న నిషేధ చట్టాలు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ 1958లోనే సొంత చట్టం చేసుకుంది. 1961 కేంద్ర చట్టం కోసమైతే పార్లమెంటు ఉభయసభలు చరిత్రలో మొదటిసారి కలిసి కూర్చోవాల్సి వచ్చింది. అయితే అవన్నీ ఇచ్చిపుచ్చుకోవడాల గురించి మాట్లాడాయి. ఇంట్లో పెట్టే బాధల గురించి కాదు. 498-ఎ మొదటిసారి భర్త, అతని బంధువులు పెట్టే క్రూరత్వానికే మూడేళ్ల దాకా జైలు అంది. 1986 నవంబర్‌లో 304-బి వచ్చింది: పెళ్లయిన ఏడేళ్లలోపు అసహజంగా చనిపోతే, చావుకు కాస్త ముందు కట్నం కోసం వేధించారని తేలితే, ఆ చావు వాళ్ల వల్లేనని కోర్టు అనుకుంటుంది, కాదని ముద్దాయి చూపించుకోవాలి. ఏడేళ్లలోపు చావంటే శవ పంచనామాకు తహసీల్దారే కదిలి వచ్చే పద్ధతి కూడా ఈ కాలంలోనే ఏర్పడింది.

"చావుకు కాస్త ముందు" అంటే ఎన్నాళ్లు? రోజులా, నెలలా? ఈ ముక్క మీద కేసులు నిలిచాయి, పడిపోయాయి. 2021 మేలో ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం సత్‌బీర్ సింగ్ కేసులో, దాన్ని "చావుకు సరిగ్గా ముందు" అని చదవొద్దని, వేధింపుకూ చావుకూ మధ్య సజీవమైన లంకె ఉంటే చాలని వివరించింది.

చట్టం చావును ఎంతగా పట్టుకు వేలాడిందో చెప్పే ఉదాహరణ ఇంకోటి ఉంది. భార్య చనిపోయింది, కట్నపు చావు ఆరోపణ రుజువు కాలేదు, 498-ఎ ఒక్కటే మిగిలింది. అప్పుడు ఆమె తల్లిదండ్రులకు చెప్పుకున్న బాధలు సాక్ష్యం కావని సుప్రీంకోర్టు 2001లో ఇందర్‌పాల్ కేసులో, 2009లో భైరాన్‌సింగ్ కేసులో చెప్పింది. చావుకు కారణం తేల్చే కేసు కాదు గనక ఆ మాటలకు 32వ సెక్షన్ వర్తించదన్నది తర్కం. అంటే అదే మాట చావు గురించి అయితే చెల్లుతుంది, ఆమె బతికినన్నాళ్లు పడ్డ బాధ గురించి అయితే చెల్లదు. ఈ వింత 2022లో సురేంద్రన్ కేసు దాకా సరికాలేదు.

బతికున్న భార్య కోర్టుకు వెళ్తే ఏమయ్యేదో హైదరాబాద్ వైపు నుంచి వచ్చిన శోభారాణి కేసు చెబుతుంది. ఆమె సైన్సులో పోస్ట్‌గ్రాడ్యుయేట్, భర్త డాక్టరు. 1982 డిసెంబర్‌లో పెళ్లయింది. అత్తమామలు డబ్బు అడుగుతున్నారని, అది క్రూరత్వమని ఆమె విడాకులు కోరింది. తన తల్లిదండ్రులు కొన్ని వేలు అడగడంలో తప్పేముందంటూ భర్త ఆమెకు రాసిన ఉత్తరం కోర్టు ముందుంది. భర్త చేతిరాతే ఉంది, ఇంతకంటే ఏం కావాలి? అయినా కింది కోర్టులో ఆమె ఓడింది, హైకోర్టులోనూ ఓడింది. సంపన్నురాలైన భార్యను భర్త డబ్బు అడగడం తప్పుకాదన్నట్టుగా హైకోర్టు చూసింది. 1987 నవంబర్‌లో జస్టిస్ కె. జగన్నాథ శెట్టి రాసిన సుప్రీంకోర్టు తీర్పు దాన్ని రద్దుచేసింది. కట్నం అడగడమే క్రూరత్వం, బాధపెట్టాలన్న ఉద్దేశం ఉందని విడిగా రుజువు చేయనక్కర్లేదు, జడ్జి తన సొంత జీవితపు కొలతలతో పక్కవాళ్ల కాపురాన్ని కొలవకూడదు అని అందులో ఉంది. ఈ ఆఖరి మాట జడ్జీలను ఉద్దేశించి జడ్జీలే చెప్పుకున్నది. దాని అవసరం ఎంత ఉందో హైకోర్టు తీర్పే చూపించింది.

జడ్జి నిర్ణయం పేపర్లో పడుతుంది. దానికి ముందు జరిగే నిర్ణయాలు ఎక్కడా పడవు. మన పద్ధతిలో ఛార్జిషీటు వేసేది పోలీసులు. కేసు పెట్టాలా వద్దా అన్నది ప్రాసిక్యూటర్ చేతిలో లేదు. 1973 కోడ్ రాకముందు చాలాచోట్ల మేజిస్ట్రేట్ కోర్టుల్లో పోలీసు అధికారులే ప్రాసిక్యూషన్ నడిపేవారు. ఇప్పుడా పని అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ది, అంటే ఏపీపీది. ఆయన చేతికి ఫైలు వచ్చేసరికి సంఘటన జరిగి నెలలో, ఏళ్లో అయి ఉంటుంది. కట్ట విప్పితే పైన ఫిర్యాదు, కింద పెళ్లి శుభలేఖ, పెళ్లి ఫొటో, ఇచ్చిన బంగారం ఇన్ని తులాలని కాగితం మీద తండ్రి రాసిన లెక్క. సాక్షుల జాబితాలో మొదట ఆమె, తర్వాత తల్లి, తండ్రి, ఆ తర్వాత పంచాయితీ చేసిన పెద్దమనుషులు ఇద్దరు. దెబ్బల గురించి డాక్టరు చీటీ ఉంటే అదృష్టం. ఎక్కువసార్లు ఉండదు, దెబ్బలు తిన్న రోజు ఎవరూ ఆస్పత్రికి వెళ్లరు.

ఆ పెద్దమనుషులే కేసులో కీలకం. మన ఊళ్లలో ఏ ఆడపిల్లా మొదటి దెబ్బకే స్టేషన్‌కు వెళ్లదు. పుట్టింటికొస్తుంది, కులపెద్దలు కూర్చుంటారు, అల్లుడికి బుద్ధి చెబుతారు, తిరిగి పంపుతారు. రెండోసారి, మూడోసారి అదే. చివరికి ఫిర్యాదు ఇచ్చేసరికి కోర్టు అడిగే మొదటి ప్రశ్న, ఇన్నాళ్లు ఏం చేశావు? మధుసూదనరావు కేసులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విడుదల తీర్పు మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లినా, ఫిర్యాదులో జాప్యానికి సరైన వివరణ లేదన్నది భర్తకు కలిసొచ్చిన కారణాల్లో ఒకటైంది. 2008లో విడుదలే నిలిచింది. పంచాయితీలు ఎన్నిసార్లు, ఏ తేదీల్లో, ఎవరి ఇంట్లో జరిగాయో పెద్దమనుషుల నోట రాబట్టే ఏపీపీ ఉంటే ఆ జాప్యమే సాక్ష్యంగా మారుతుంది. తీరిక లేని ఏపీపీ ఉంటే అదే జాప్యం కేసును ముంచుతుంది.

ఇక రాజీ. 498-ఎ రాజీకి వీల్లేని నేరంగా పుట్టింది. రాజీ మాత్రం ఆగలేదు. మనోవర్తి సొమ్ము, పెట్టిన సామాను, విడాకులు తేల్చుకున్నాక ఆమె బోనెక్కి "నాకేమీ తెలియదు, ఏం కాగితమో సంతకం పెట్టాను" అంటుంది. ఏపీపీ ఆమెను హోస్టైల్‌గా ప్రకటించి నాలుగు ప్రశ్నలు వేసి కూర్చుంటాడు. కేసు కొట్టివేత. తనకు జరిగింది జరగలేదని ఆమెతోనే ప్రమాణం చేయించే ఈ తంతు ఎంత అవమానమో కోర్టులో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆంధ్రప్రదేశ్ 2003లో దీన్ని మార్చింది. రాష్ట్ర సవరణతో 498-ఎ కేసును, కోర్టు అనుమతితో బాధితురాలే రాజీ చేసుకోవచ్చని చెప్పింది. షరతు ఒకటి పెట్టింది: అడిగిన రోజునే ఒప్పుకోకూడదు, మూడు నెలలు ఆగాలి, ఈలోపు ఎవరూ వెనక్కి తగ్గకూడదు. ఒత్తిడి మీద సంతకం పెట్టిన ఆడమనిషికి మనసు మార్చుకునే వ్యవధి అది. మిగతా రాష్ట్రాల్లో ఇందుకోసం హైకోర్టు దాకా వెళ్లి కేసు కొట్టేయించుకోవాల్సి వచ్చేది. మంచిచెడ్డలు ఎలా ఉన్నా, రాజీ పేరుతో అబద్ధపు ప్రమాణం చేయించక్కర్లేని పద్ధతి ఇది.

ఈ రాజీ కేసుల్ని లెక్కలోకి తీసుకోకుండా శిక్షల శాతాన్ని చదివితే తప్పు దారి పడతాం. ఆ చదవడమే 2014 జులైలో అర్నేష్ కుమార్ తీర్పుకు ఒక ఆధారమైంది. 2012లో 498-ఎ కింద 1,97,762 మందిని అరెస్టు చేశారని, వారిలో 47,951 మంది ఆడవాళ్లని, ఛార్జిషీట్లు 93.6 శాతం కేసుల్లో పడుతుంటే శిక్షలు 15 శాతమేనని కోర్టు లెక్కలు చూపింది. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు యాంత్రికంగా చేయొద్దని, ముందు హాజరు కమ్మనే 41-ఎ నోటీసు ఇమ్మని, కారణం రాయకుండా రిమాండ్ చేస్తే మేజిస్ట్రేట్ మీదా చర్య ఉంటుందని ఆదేశించింది. మంచం పట్టిన తాతల్ని, నాయనమ్మల్ని, విదేశాల్లో ఉన్న ఆడపడుచుల్ని కూడా ముద్దాయిలుగా చేర్చి అరెస్టు చేయించిన కేసులు నిజంగా ఉన్నాయి. అరెస్టుకు కారణం రాయమనడంలో అన్యాయమేమీ లేదు. కానీ 85 శాతం విడుదలల్లో అబద్ధపు కేసులెన్ని, రాజీలెన్ని, సాక్ష్యం చాలనివెన్ని అన్నది ఆ అంకె చెప్పదు.

మరో లెక్క పక్కన పెట్టి చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్లయిన ఆడవాళ్లలో భర్త చేతి హింసకు గురైనవారు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద హింస ఎదుర్కొన్నవాళ్లలో సాయం కోసం ఎవరినైనా ఆశ్రయించింది 14 శాతమే. ఏదో ఒక కారణం ఉంటే భర్త కొట్టడం సమంజసమేనని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 80 శాతానికి పైగా ఆడవాళ్లు చెప్పారు. కోర్టు మెట్లెక్కిన కేసులు ఈ గుంపులోంచి వచ్చిన కొద్దిపాటివి.

అర్నేష్ కుమార్ తీర్పు తర్వాతి పదేళ్లూ సుప్రీంకోర్టు అటూ ఇటూ ఊగుతూనే ఉంది. 2017లో రాజేశ్ శర్మ కేసులో జిల్లాకో కుటుంబ సంక్షేమ కమిటీ వేసి, ఫిర్యాదు ముందు అక్కడికి పంపమంది. 2018 సెప్టెంబర్‌లో ఆ కమిటీలకు చట్టంలో చోటు లేదని తానే తీసేసింది. తెలంగాణ నుంచి వెళ్లిన కె. సుబ్బారావు కేసులో 2018లోనే, ఫలానా రోజు ఫలానా పని చేశాడని చెప్పకుండా దూరపు బంధువుల్ని ఇరికించొద్దంది. 2024 డిసెంబర్‌లో దారా లక్ష్మీనారాయణ కేసులో, ఇదీ తెలంగాణదే, జస్టిస్ బి.వి. నాగరత్న ధర్మాసనం అదే కారణంతో కేసు కొట్టేసింది. నిజంగా బాధపడినవాళ్లు నోరు మూసుకోవాలని మా ఉద్దేశం కాదని కూడా ఆ తీర్పులోనే రాసింది. 2025 జులైలో, ఫిర్యాదు తర్వాత వెంటనే అరెస్టు చేయకుండా ఆగాలంటూ అలహాబాద్ హైకోర్టు పెట్టిన రెండు నెలల విరామాన్ని, కమిటీలను సుప్రీంకోర్టు మళ్లీ ఆమోదించింది. 2018లో వద్దన్నవే ఇంకో రూపంలో తిరిగొచ్చాయి.

జైలు సంగతి పక్కనపెట్టి, ఆ రాత్రి ఆమె ఎక్కడ తలదాచుకోవాలన్న ప్రశ్నకు జవాబు వెతికింది 2005 గృహహింస చట్టం. అంతకు మూడేళ్ల ముందు ప్రభుత్వం తెచ్చిన బిల్లులో గృహహింస అంటే "అలవాటుగా" కొట్టడమని ఉంది. 1882 నాటి పదం నూట ఇరవై ఏళ్లకు మళ్లీ లేచొచ్చింది! తన ఆస్తిని కాపాడుకోవడానికి చేసింది హింస కాదనే మినహాయింపు కూడా పెట్టారు. మహిళా సంఘాలు, న్యాయవాదుల సంస్థ లాయర్స్ కలెక్టివ్ గట్టిగా ఎదిరించాక అవి రెండూ పోయాయి. 2006 అక్టోబర్ 26న అమల్లోకి వచ్చిన చట్టంలో కొట్టడమే కాదు, తిట్టడం, డబ్బు బిగబట్టడం, లైంగిక హింస అన్నీ చేరాయి. మొదటి వాయిదా మూడు రోజుల్లో పడాలి, అరవై రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి, అవసరమైతే అవతలివాళ్లు రాకముందే తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వవచ్చు. రక్షణ ఉత్తర్వును భర్త మీరాడని తేల్చడానికి బాధితురాలి ఒక్క సాక్ష్యం చాలని 32వ సెక్షన్ రాసింది. సాక్ష్య చట్టంలో చనిపోయినవారి మాటకు చోటిచ్చిందీ 32వ సెక్షనే. అంకె కలవడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఇంత గట్టి నమ్మకం బతికున్న ఆడమనిషి మాటకు దక్కడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది.

మన కోర్టుల్లో ఈ కేసుల్ని డీవీసీ అంటారు. భర్త వైపు నుంచి మొదట వచ్చే జవాబు, ఇల్లు నాది కాదు, మా అమ్మ పేరు మీదుంది. చట్టం వచ్చిన రెండు నెలలకే తరుణా బాత్రా కేసులో సుప్రీంకోర్టు ఆ జవాబును ఒప్పుకుంది. అత్త పేరు మీదున్న ఇల్లు, చట్టం కింద కోడలికి ఉండే హక్కున్న ఉమ్మడి గృహం కాదంది. పద్నాలుగేళ్ల పాటు మేజిస్ట్రేట్లు ఆ తీర్పు చూపించి ఎందరో కోడళ్లకు నివాస ఉత్తర్వులు నిరాకరించారు. 2020 అక్టోబర్ 15న సతీశ్ చందర్ అహూజా కేసులో ముగ్గురు న్యాయమూర్తులు దాన్ని రద్దుచేశారు. ఇల్లు భర్త బంధువుల పేరు మీదున్నా, ఆమె అక్కడ స్థిరంగా కాపురం చేసి ఉంటే అది ఉమ్మడి గృహమేనన్నారు. ఇప్పుడు ఆమె పుట్టింటి దగ్గరి కోర్టులోనే డీవీసీ వేసుకోవచ్చు. 2019 ఏప్రిల్‌లో రూపాలీ దేవి తీర్పు తర్వాత క్రూరత్వం మీద ఫిర్యాదు కూడా ఆమె తలదాచుకున్న ఊరి స్టేషన్లోనే ఇవ్వవచ్చు. 2025లో ఒప్పుకున్న రెండు నెలల విరామం ఆపేది అరెస్టును, 498-ఎ కేసు నడకను. డీవీసీ కింద ఇంట్లో ఉండే ఉత్తర్వు అడగడానికి ఆ రెండు నెలలూ అడ్డం రావు.